పదెకరాలు, ఐదుగురు వారసులు, ఒక సంతకం: ఆడబిడ్డ వాటా ఎక్కడ జారిపోతుంది

తండ్రి 1998లో చనిపోయాడు. వీలునామా రాయలేదు. తాతల నాటి పదెకరాల పొలం, రెండు బోర్లు, ఊళ్లో ఒక పెంకుటిల్లు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి పెళ్లి 1982లో అయింది, చిన్నమ్మాయి పెళ్లి 1993లో. 2001లో పహాణీలో, అంటే ఊరి భూముల సాగు రికార్డులో, కొడుకుల పేర్లు మాత్రమే ఎక్కాయి, చెరి ఐదెకరాలు. 2012లో పెద్దకొడుకు ఒక ఎకరం అమ్మాడు. 2018లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు అన్నదమ్ముల పేర్లతోనే వచ్చాయి. 2021లో చిన్నమ్మాయి భర్త పోయాడు. అప్పుడు గాని పుట్టింటి వాటా మాట బయటికి రాలేదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. తెలంగాణ పల్లెల భూమి దస్త్రాల్లో పదేపదే ఎదురయ్యే అంశాలను ఒకచోట చేర్చి, లెక్క సులువుగా అర్థమవడానికి కూర్చిన నమూనా కుటుంబం. ఆంధ్రలో గుంటల బదులు సెంట్లు, పహాణీ బదులు అడంగల్, విరాసత్ (చనిపోయినవారి చోట వారసుల పేర్లు రికార్డులో ఎక్కించడం) బదులు ఫౌతీ మ్యుటేషన్ అనుకోవాలి. రెవెన్యూ పద్ధతి కాస్త మారుతుంది, వారసత్వ చట్టం ఒకటే.

ఆడామగా సమానత్వం గురించిన వ్యాసంలో పహాణీ ఎందుకొచ్చిందంటే, సమానత్వం మాటల్లో ఎంత ఉన్నా రాత్రి పదింటికి గొడవ జరిగినప్పుడు ఆ మనిషికి వెళ్లడానికి చోటుందా లేదా అన్న దగ్గర అసలు సంగతి తేలుతుంది. కేరళలో తిరువనంతపురం జిల్లాలో జరిగిన ఒక సర్వే ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. పెళ్లయిన ఆడవాళ్లలో తమ పేరున భూమీ ఇల్లూ రెండూ లేనివాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లే. భూమి మాత్రమే ఉన్నవాళ్లలో అది 18 శాతం, ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లలో 10, రెండూ ఉన్నవాళ్లలో 7. చదువు, ఉద్యోగం, భర్త తాగుడు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆస్తి ప్రభావం నిలిచింది. ఆస్తి ఉన్న ఆడది ఇల్లు వదిలి వెళ్లిపోగలదని భర్తకు తెలుసు. అందుకే చాలాచోట్ల వెళ్లాల్సిన అవసరమే రాదు. నగలతో ఈ పని జరగదు, అవి అత్తగారి బీరువాలోనో తాకట్టు కొట్లోనో ఉంటాయి.

ఇక మన పదెకరాలు.

మొదటి ప్రశ్న: ఇది ఎవరి ఆస్తి

ఆడపిల్ల తరఫున వచ్చేవాళ్లు మొదటి మాటగా "అది పిత్రార్జితం" అంటారు. కొడుకులు "నాన్న స్వార్జితం" అంటారు, లేదంటే అప్పటికి ఏది వీలైతే అది. రెండింటి ఫలితం వేరు కాబట్టి, కాగితాలు చూడకుండా ఏదీ అనకూడదు. తెలంగాణలో వెనక్కి వెళ్లడానికి 1954-55 ఖాస్రా పహాణీ, తర్వాత 1955-58 సేసాలా పహాణీ, సేత్వార్ అనే తొలి సర్వే రికార్డు చూడాలి. వాటి నకళ్లు తహసీల్దార్ ఆఫీసులోనో కలెక్టరేట్ రికార్డు గదిలోనో అడగాలి. తాత పేరు ఖాస్రా పహాణీలో ఉండి, అది ఆయన తండ్రి నుంచి వచ్చిందని తేలితే పిత్రార్జితం వాదనకు బలం. తాత తానే కొని, 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా చనిపోతే, ఆ భూమి తండ్రి చేతిలో ఆయన సొంత ఆస్తే. హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ అది. తాత నుంచి వచ్చింది కదా అని అన్నీ పిత్రార్జితం కాదు. ఈ ఒక్క పొరపాటుతో తప్పుడు లెక్కలో దావాలు పడుతుంటాయి.

ఇప్పుడు నాలుగు లెక్కలు. ఎకరానికి 40 గుంటలు.

1956 నాటి చట్టం ప్రకారం ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో హక్కుదారులు తండ్రి, ఇద్దరు కొడుకులు, ముగ్గురే. తండ్రి చనిపోయిన రోజున పంపకం జరిగిందని ఊహించి, ఆయనకు 3.33 ఎకరాలు వేస్తారు. దక్షిణాది సంప్రదాయంలో ఆ ఊహా పంపకంలో భార్యకు విడి వాటా లేదు. ఆయన 3.33 ఎకరాలు భార్యకూ నలుగురు పిల్లలకూ సమానంగా, ఒక్కొక్కరికి 26 గుంటల చిల్లర. కొడుకులకు చెరి 4 ఎకరాలు, కూతుళ్లకు చెరి 26 గుంటల చిల్లర, తల్లికీ అంతే.

ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను వదిలేసింది. దీని ప్రకారం హక్కుదారులు తండ్రి, ఇద్దరు కొడుకులు, చిన్నమ్మాయి: నలుగురు, రెండున్నర ఎకరాల చొప్పున. తండ్రి రెండున్నరలో ఐదుగురికి 20 గుంటల చొప్పున. కొడుకులకూ చిన్నమ్మాయికీ తలా 3 ఎకరాలు, పెద్దమ్మాయికి 20 గుంటలు, తల్లికి 20 గుంటలు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరక్కచెల్లెళ్ల మధ్య పెళ్లి ముహూర్తం తేడాతో రెండున్నర ఎకరాల తేడా. పైగా పెద్దామెకు 1956 లెక్కకన్నా తక్కువ వచ్చింది. చెల్లికి ఇచ్చిన హక్కు అక్క వాటాలోంచి కూడా కోసుకుపోయింది. 1986 చట్టాన్ని పొగిడేవాళ్లు ఈ కోత గురించి మాట్లాడటం అరుదు.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేడా తీసేసింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న తగువును 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేది. కాబట్టి హక్కుదారులు ఐదుగురు, తలా 2 ఎకరాలు. తండ్రి 2 ఎకరాలను భార్యకూ నలుగురు పిల్లలకూ పంచితే 16 గుంటల చొప్పున. పిల్లలు నలుగురికీ తలా 2 ఎకరాల 16 గుంటలు. తల్లికి 16 గుంటలు. మొత్తం పదెకరాలు సరిపోతుంది. ఇవాళ పనికొచ్చే లెక్క ఇదే.

భూమి తండ్రి స్వార్జితమైతే లెక్క ఇంకా తేలిక: ఐదుగురికీ తలా 2 ఎకరాలు. కూతుళ్లు కోల్పోయేది 16 గుంటలే, తల్లికి మాత్రం 16 గుంటల చోట 2 ఎకరాలు. తల్లినీ కూతుళ్లనూ ఒకే పక్షం అనుకుని ఒకే లాయరు దగ్గర కూర్చోబెట్టేటప్పుడు ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల తర్వాత అవతలి పక్షం వాళ్లు తల్లికి చెబుతారు. దావా సగంలో తల్లి కొడుకుల వైపు వెళ్లిపోవడానికి ప్రేమ ఒక్కటే కారణం కాదు. స్వార్జితానికి ఇంకో ప్రమాదం ఉంది: తండ్రి వీలునామాతో మొత్తం ఒక్కరికే రాసేయగలడు. పిత్రార్జితంలో ఆయన వీలునామా చెల్లేది ఆయన వాటా వరకే.

ఈ లెక్కలు అందరికీ వర్తించవు. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం కొడుకుకు రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం, అక్కడ కొడుకూ కూతురూ సమానం. షెడ్యూల్డ్ తెగలకు కేంద్రం విడిగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఏజెన్సీ దస్త్రం చేతికొస్తే పై లెక్క పక్కన పెట్టి మొదటి నుంచి చూడాలి.

పంపకం జరిగిందన్న మాట

అన్నదమ్ముల మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "మేం 1999లోనే పెద్దమనుషుల్లో పంచుకున్నాం." 2005 సవరణ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ముట్టుకోదు. అయితే పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు లేదా కోర్టు డిక్రీ. నోటిమాట పంపకాన్ని అరుదుగా మాత్రమే ఒప్పుకోవాలని, దానికి ప్రభుత్వ రికార్డుల ఆధారం గట్టిగా ఉండాలని వినీతా శర్మ తీర్పు చెప్పింది. అన్నదమ్ములు చూపించేది 2001 పహాణీ. చెరి ఐదెకరాలు వేరుగా ఎక్కి, బ్యాంకు అప్పులు వేరు, కరెంటు మీటర్లు వేరు అయితే వాళ్ల వాదనకు కొంత ఊపిరి ఉంటుంది. పేర్లు ఎక్కినంత మాత్రాన చాలదు. మ్యుటేషన్ అన్నది పన్ను వసూలు కోసం రాసుకున్న రికార్డు, హక్కు పత్రం కాదు. ఇదే వాక్యాన్ని ఊరి పెద్దమనుషులకు మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే పల్లెలో పహాణీలో పేరున్నవాడే యజమాని.

రెండో జవాబు: "ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడు అడుగుతారా? గడువు దాటిపోయింది." ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయటకు నెట్టారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు గడువు. 2001 పహాణీ చూపించి, గడువు 2013తో అయిపోయిందంటారు. కానీ ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి సాగు అందరి సాగుతో సమానం. నీకు వాటా లేదని బాహాటంగా, ఆమెకు తెలిసేలా చెప్పి ఉండాలి. ఏటా సంక్రాంతికి ఒక బస్తా బియ్యం పంపుతూ వచ్చిన అన్న, ఆమె హక్కును కాదన్నానని తర్వాత కోర్టులో నిరూపించుకోవడం కష్టం. ఆ బియ్యం బస్తా గురించి ఆమెను తప్పక అడగాలి. ఆమె దాన్ని ఆధారంగా ఎన్నడూ అనుకోదు.

2012లో అమ్మిన ఎకరం సంగతి. కొన్నవాడికి అన్న వాటా వరకే హక్కు వస్తుంది. కోర్టులోనైనా రాజీలోనైనా ఆ ఎకరాన్ని అమ్మినవాడి ఖాతాలో వేయడం మామూలు పద్ధతి. పెద్దకొడుకుకు ఇక మిగిలేది 1 ఎకరం 16 గుంటలు. కొనుక్కున్న మూడో మనిషిని గొడవలోకి లాగాల్సిన అవసరం తప్పుతుంది. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించకుండా రాజీకి కూర్చుంటే ఈ ఎకరం బయటపడదు. తీరా పంచేటప్పుడు పదెకరాలుండవు, తొమ్మిదే ఉంటాయి.

ఆ సంతకం

అసలు వాటా పోయేది చాలావరకు కోర్టులో కాదు. తండ్రి పోయిన పదకొండో రోజునో, సంవత్సరీకానికో, బంధువులంతా ఉండగా ఒక కాగితం ముందు పెడతారు. "విరాసత్‌కి సంతకం కావాలి, నీ వాటా ఎక్కడికీ పోదు." ఆమె చదవదు. చదివినా ఆ రోజు కాదనలేదు. అందులో ఏముందో తర్వాత తేల్చుకోవాలి. కాగితం నాలుగు రకాల్లో ఒకటి అయి ఉంటుంది.

తెల్లకాగితం మీదనో నోటరీ స్టాంపు పేపరు మీదనో "నాకు వాటా అక్కర్లేదు" అని రాయించుకున్నది. నూరు రూపాయలు మించిన స్థిరాస్తి హక్కు వదులుకోవడం రిజిస్టరు కావాలి. ఇది కాలేదు కనుక హక్కు పోదు. ఊళ్లో మాత్రం దీన్నే పట్టుకుని బెదిరిస్తారు.

పెళ్లప్పుడు రాయించుకున్నది: "కట్నం తీసుకున్నాను, నాన్న ఆస్తిలో ఇక భాగం అడగను." తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో రాబోయే వారసత్వం మీద ఉన్నది ఆశ మాత్రమే. ఆశను బదిలీ చేయడం చెల్లదు. కట్నం ఇచ్చామన్నది వాటాకు జవాబు కాదు. కట్నం 1961 నుంచి నేరం, వాటా చట్టం. పసుపు కుంకుమల కింద పొలమో స్థలమో నిజంగా రాసి ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం రాజీ లెక్కలో నిజాయితీగా పెట్టాలి. దాచితే మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

రిజిస్టరైన రిలీజ్ డీడ్, అంటే హక్కు విడుదల దస్తావేజు. ఇదే నిజమైన అడ్డంకి. ఈసీలో కనబడుతుంది. మోసంతోనో బలవంతంతోనో తీసుకున్నారని రద్దు కోరాలంటే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే. దస్తావేజులో ప్రతిఫలం ఎంత రాశారో, ఆ సొమ్ము ఆమె ఖాతాలో పడిందో లేదో, వేలిముద్ర వేసిందా సంతకం చేసిందా, సాక్షులెవరు అన్నవి మొదట చూడాల్సినవి. "ప్రేమాభిమానాలతో" అని రాసి ఉంటే డబ్బు ఇవ్వలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. కానీ దానంతట అది మోసానికి రుజువు కాదు.

నాలుగోది విరాసత్ ఒప్పందం. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి భూమి రికార్డుల పోర్టల్ వచ్చాక, వారసులంతా ఉమ్మడి ఒప్పందంతో తహసీల్దార్ ముందుకు వస్తే విరాసత్ చేసే పద్ధతి ఉండేది. ఆ ఒప్పందంలోనే భూమి అంతా ఫలానా వారసుడికని రాసేస్తే ఒక్క పూటలో పని అయిపోయేది. లేదా కుటుంబ సభ్యుల పత్రంలో కూతుళ్ల పేర్లే రాయకుండా తెచ్చేవారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం విరాసత్‌కు నోటీసు, విచారణ పెట్టింది. అది పనిచేయాలంటే నోటీసు ఆమెకు అందాలి. నోటీసు పుట్టింటి చిరునామాకే వెళితే తీసుకునేది అన్నే.

ముందు జాగ్రత్త ఒకటే. తండ్రి పోయిన వారంలో, ఎవరూ ఏమీ అడగకముందే, కూతురు తహసీల్దార్‌కు ఒక దరఖాస్తు ఇవ్వాలి: ఫలానా సర్వే నంబర్ల భూమికి తానూ వారసురాలు, తనకు నోటీసు ఇవ్వకుండా మ్యుటేషన్ చేయొద్దు. తన ప్రస్తుత చిరునామా, ఫోన్ నంబరు, ఆధార్ నకలు జతచేయాలి. రసీదు తీసుకోవాలి. రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాలి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, అన్నకు చెప్పి చేసినా తప్పు లేదు. చాలా ఇళ్లలో ఈ ఒక్క కాగితంతోనే "సంతకం పెట్టమ్మా" అన్న మాట "ఎట్లా చేద్దాం" అని మారుతుంది.

ఆమె ఎందుకు అడగదు

చట్టం వచ్చి నలభై ఏళ్లవుతున్నా, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నిర్వహించేవాళ్లలో ఆడవాళ్లు సుమారు 14 శాతమే. తెలియక అడగనివాళ్లు కొందరు. తెలిసీ అడగనివాళ్లే ఎక్కువ, వాళ్లకు లెక్క బాగా తెలుసు. వాటా అడిగితే ఒడిబియ్యం ఆగిపోతుంది. కూతురి పెళ్లికి మేనమామ రాడు. రేపు భర్తతో గొడవైతే తలుపు తీసేది ఆ అన్న ఇల్లే కదా అన్న భయం. రెండెకరాల పదహారు గుంటలను ఆ బీమాకు కట్టిన ప్రీమియంగా వదులుకుంటారు. బీమా అవసరమైన రోజున అది చెల్లుతుందో లేదో ఎవరికీ తెలియదు. చిన్నమ్మాయి భర్త పోయాక పుట్టింటికి వచ్చి ఉంటే, వదిన ఎన్ని నెలలు ఓర్చుకుంటుందన్నది ఆమె చేతిలో లేదు. అదే 2 ఎకరాల 16 గుంటలు ఆమె పేరున ఉంటే అన్నదమ్ములే ఆమెకు కౌలు కట్టాలి. మనుషులు వాళ్లే. ఇంట్లో ఆమె కూర్చునే చోటు మారుతుంది.

మన పల్లెల మీద జరిగిన ఒక పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వైన ఊళ్లలో కూతుళ్లకు వారసత్వం అందడం పెరిగింది. రెవెన్యూ ఆఫీసు గడప తొక్కడానికి వాళ్లకు ఒక దారి దొరికింది. అయితే అప్పటికే పెళ్లై కట్నం తీసుకుని వెళ్లినవాళ్ల విషయంలో ఎదురుదెబ్బ తగిలింది. పెళ్లి కాకముందే హక్కు తెలిసినవాళ్లు మాత్రం కట్నం బదులు వాటా అని ఇంట్లో బేరం పెట్టగలిగారు. కాబట్టి వాటా సంగతి మాట్లాడాల్సిన సమయం తండ్రి పోయాక కాదు, పెళ్లి మాటలప్పుడే. పదిహేను లక్షల కట్నం అన్నచోట, ఆ సొమ్ముకు సరిపడా పొలం అమ్మాయి పేరున రిజిస్టరు చేయించడం తండ్రి బతికుండగా చేయగల పని. పిత్రార్జితంలో సహేతుకమైన భాగాన్ని తండ్రి కూతురికి దానంగా ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది కూడా.

ఇంకో నిజమూ ఉంది, మింగుడు పడనిది. కూతురికి వాటా చట్టం వచ్చిన రాష్ట్రాల్లో, మొదటి కాన్పు ఆడపిల్ల అయిన కొన్ని ఇళ్లలో రెండో కాన్పు ఆడపిల్ల కాకుండా చూసుకోవడం పెరిగిందని పరిశోధకులు చూపారు. భూమి బయటికి పోతుందన్న భయం అక్కడిదాకా వెళ్లింది. చట్టం తప్పని దీనికి అర్థం కాదు. కానీ పొలం ముక్కలైపోతుందన్న రైతు భయానికి జవాబు చెప్పకుండా సమానత్వం బోధిస్తే అది ఆ ఇంట్లో నిలబడదు. జవాబు ఉంది: హక్కు పంచండి, సాగు పంచకండి.

రాజీ ఎట్లా కట్టాలి

మన నమూనాలో తొమ్మిదెకరాలు మిగిలాయి. చిన్నకొడుకే అంతా దున్నుతున్నాడు. పెద్దకొడుకు పట్నంలో. వాటాలు: పెద్దకొడుకు 1 ఎకరం 16 గుంటలు, చిన్నకొడుకు, ఇద్దరు కూతుళ్లు తలా 2 ఎకరాల 16 గుంటలు, తల్లి 16 గుంటలు. ఇంట్లో కూడా ఇదే పాళ్లు: పిల్లలకు తలా ఇరవై అయిదింట ఆరు పాళ్లు, తల్లికి ఒక పాలు. ఇంటి పంపకం కూతుళ్లు అడగరాదన్న హిందూ వారసత్వ చట్టం పాత సెక్షన్ 23ను 2005లో తీసేశారు. తల్లి ఉన్నన్నాళ్లు ఇల్లు పంచొద్దన్నది మాత్రం ఎప్పుడూ మంచి రాజీ.

గుంటలు సమానమైతే చాలదు. రోడ్డు పక్క గుంట, చెలక చివర గుంట ఒకటి కావు. ఆడబిడ్డకు ఇచ్చే ముక్క దాదాపు ఎప్పుడూ బాట లేని మూల, బోరు అందని చోటు అవుతుంది. కాగితం మీద 2 ఎకరాల 16 గుంటలు ఉంటాయి, కొనేవాడుండడు, కౌలుకు తీసుకునేవాడుండడు. దస్తావేజులో ఇవి తప్పక ఉండాలి: సర్వేయరు కొలిచిన హద్దులతో పటం, బండి పోయేంత బాట ఏ ముక్కలోంచి ఎంత వెడల్పున, బోరు నీళ్లలో ఎవరికి ఎన్ని గంటలు, మోటారు కాలితే ఖర్చు ఎవరెంత పాలు. రెండు బోర్లూ చిన్నకొడుకు ముక్కలో పడితే నీటి హక్కును విడిగా రాయాలి. "ఎప్పట్లాగే వాడుకుంటారు" అన్న వాక్యం మొదటి ఎండాకాలం దాటదు.

పెద్దమ్మాయి ఊరికి దూరంగా ఉంది, ఎకరం భూమి, మిగతా 1 ఎకరం 16 గుంటలకు డబ్బు అంటుంది. ధర కట్టేటప్పుడు ప్రభుత్వ విలువ కాదు, చుట్టుపక్కల ఏడాదిలో జరిగిన అమ్మకాల ధర చూడాలి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. విడతలుగా ఇస్తామంటే, ఆఖరి విడత పడిన రోజునే రిలీజ్ డీడ్ రిజిస్టరు కావాలి. ముందు సంతకం, తర్వాత డబ్బు అన్న ఏర్పాటులో రెండో విడత రావడం అరుదు.

చిన్నమ్మాయి భూమి పూర్తిగా తన పేరున చేయించుకుని తమ్ముడికే కౌలుకిస్తుంది. కౌలు కాగితం ఏడాదికొకసారి కొత్తగా రాసుకోవాలి, మొత్తం ఎంత, ఏ కోత తర్వాత, ఏ ఖాతాకు అన్నది స్పష్టంగా. తమ్ముడికి భూమి చెదరదు, అక్కకు ఆదాయం తప్పదు. పాసుపుస్తకం ఆమె పేరున వస్తే పంట రుణం ఆమెకు వస్తుంది, రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారుగా 5 లక్షల రక్షణ వస్తుంది. పెద్దమ్మాయికి ఆ వయసు దాటిపోయి ఉంటుంది. పీఎం కిసాన్ కుటుంబానికి ఒక్కరికే, దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

దస్తావేజు సిద్ధమయ్యాక పనులు ఆగేది పేరు దగ్గర. పాత రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరు. బడి సర్టిఫికెట్, పెళ్లి శుభలేఖ, పాత రేషన్ కార్డు ముందే వెతికి పెట్టుకోవాలి. పాసుపుస్తకం ఆమె ఒక్కరి పేరుతోనే తీసుకోవాలి. భర్త పేరు కలపమని అత్తింటివాళ్లు అడుగుతారు. కలిపితే పుట్టింటి వాటా అక్కడి అప్పులకు మొదటి జామీను అవుతుంది. ఆమె పిల్లలు లేకుండా వీలునామా రాయకుండా చనిపోతే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది, భర్త వైపు కాదు. తాను కష్టపడి కొనుక్కున్నదైతే భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు. ఎవరికి చేరాలనుకుంటే వాళ్ల పేరున వీలునామా రాసుకోవడమే దారి.

తల్లి 16 గుంటల మీద అందరి కన్నూ ఉంటుంది. చిన్నకొడుకు పేరున గిఫ్ట్ డీడ్ రాయమంటారు. రాయాల్సిందే అయితే, ఆమెను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించాలి. 2007 వృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయాలంటే ఆ షరతు అందులో ఉండాలి. అంతకన్నా మేలు, ఆమె బతికున్నన్నాళ్లు తన పేరునే ఉంచుకుని వీలునామా రాయడం. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని కొడుకులకూ తెలుసు. ఆ తెలివిడి ఆమె కంచంలో కనబడుతుంది.

రాజీ కుదరకపోతే

పంపకం దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే డిక్రీ, అప్పీలు లేదు. అప్పటికే దావా వేసి ఉంటే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

దావా వేసేటప్పుడు ఆమెను ఉమ్మడి సాగులో ఉన్న హక్కుదారుగా చెబుతున్నారా, బయటకు నెట్టేశారంటున్నారా అన్నదాన్ని బట్టి కోర్టు ఫీజు మారుతుంది. మొదటిదానికి స్వల్పమైన స్థిర ఫీజు, రెండోదానికి వాటా విలువ మీద. ఫీజు తగ్గించుకోవడానికి మొదటిది రాసి, తర్వాత సాక్ష్యంలో "నన్ను పొలంలో కాలు పెట్టనివ్వలేదు" అని ఆమె చేతే చెప్పించే ప్లీడర్లున్నారు. ఆ ఒక్క మాటతో ఫీజు కట్టమని ఆదేశం వస్తుంది, గడువు వాదనకు అవతలివాళ్లకు బలం దొరుకుతుంది. దావా వేసిన రోజే అమ్మకాలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోరాలి. ఉత్తర్వు రాకపోయినా దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. ఆ సంగతి కొనేవాడికి తెలిసేలా దావా నంబరుతో సబ్ రిజిస్ట్రార్‌కు, తహసీల్దార్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు ఉంచుకోవాలి.

చాలామంది ఆగిపోయేది ప్రిలిమినరీ డిక్రీ దగ్గర. వాటా ఎంతో తేలింది, గెలిచామని ఇంటికి వెళ్లిపోతారు. భూమి చేతికి రావాలంటే ఫైనల్ డిక్రీ దాకా వెంటపడాలి. అడ్వొకేట్ కమిషనర్ సర్వేయరుతో వచ్చి హద్దులు చూపించి, నివేదిక ఇచ్చి, డిక్రీని స్టాంపు కాగితం మీద రాయించి, దాని మీద మ్యుటేషన్ చేయించాలి. కమిషనర్ వచ్చే రోజు ఆమె పొలంలో ఉండాలి. బాట, బోరు విషయం అక్కడే, ఆయన నోటు పుస్తకంలో రాసుకునేలా చెప్పాలి. ఆ రోజు రాలేనివాళ్లకు మళ్లీ అదే మూల ముక్క వస్తుంది.